వ్యాన్‌లో ఇల్లు కట్టుకునే ముందు ఇన్సూరెన్స్ సంగతి: బాబాయి ఉత్తరం

చిట్టితల్లీ,

నువ్వూ అల్లుడూ సెకండ్‌హ్యాండ్ ట్రావెలర్ వ్యాన్ కొన్నారనీ, సీట్లు తీసేసి మంచం, వంటగట్టు, సింకు పెట్టించుకుని ఏడాదిపాటు దేశమంతా తిరుగుతారనీ మీ నాన్న చెప్పాడు. వాడి గొంతులో సగం బెంగ, సగం గొప్ప. నాకూ అంతే. చిన్నప్పుడు బల్ల కింద దుప్పటి కట్టుకుని ఇదే మా ఇల్లు అనేదానివి. ఇప్పుడు దానికి చక్రాలు వచ్చాయి, వెళ్లిరండి. కానీ “ఇన్సూరెన్స్‌దేముంది, బండికి ఉన్నదే రెన్యూ చేయిస్తాం” అన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు బండ్ల నష్టం అంచనా వేసే మోటారు సర్వేయర్‌గా పనిచేసిన బాబాయి ఉండి కూడా నువ్వు ఈ గోతిలో పడితే ఎలా?

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తాను. థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా, లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 చెప్పేది అదే. మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా, రెండోసారి 4,000, జైలు కూడా ఉండొచ్చు. బండి ఎవరి పేరున ఉందో వాళ్లకి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూసుకోండి. పాలసీ ముగిశాక రెన్యూ చేయకుండా 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. వ్యాన్ పనిలో పడి ఆ తేదీ మరిచిపోవద్దు.

ఇక అసలు సంగతి. వ్యాన్ మార్పించుకునేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటే: లోపల అంతా మార్చేసి, పాలసీ మాత్రం పాత బండి పేరుతోనే నడపడం. ప్రీమియం కడుతున్నాం, పోలీసు అడిగితే కాగితం చూపిస్తున్నాం, ఇంకేం కావాలి అనుకుంటారు. క్లెయిమ్ వచ్చిననాడు ఏం జరుగుతుందో విను. సర్వేయర్ వస్తాడు. ముందు చాసిస్ నంబరు చూస్తాడు, తర్వాత ఆర్‌సీ, ఆ తర్వాత పాలసీ షెడ్యూలు, అంటే బండి వివరాలూ కవర్లూ రాసి ఉండే పేజీ. ఆర్‌సీలో ఇన్ని సీట్లు, ఈ బాడీ రకం, ఇంత ఖాళీ బరువు అని ఉంటుంది. తలుపు తీస్తే సీట్ల బదులు మంచం, కింద బ్యాటరీ, పక్కన సిలిండరు. బండికీ కాగితానికీ పొంతన లేదని రిపోర్టులో ఒక్క వాక్యం రాస్తాడు. రాయకపోతే తప్పు అతనిది అవుతుంది. ఆ తర్వాత ఫైలు కంపెనీ చేతిలోకి పోతుంది. ప్రమాదాన్ని పెంచే మార్పు చేసి మాకు చెప్పలేదు అంటూ క్లెయిమ్ మొత్తం తోసిపుచ్చవచ్చు. లేదంటే ‘నాన్-స్టాండర్డ్’ అని కొంత కోసి ఇవ్వవచ్చు. గుద్దుకున్న ప్రమాదానికీ మీ మంచానికీ సంబంధం లేకపోయినా ఈ వాదన వస్తుంది. ఎదుటివాళ్లకి గాయాలైన కేసుల్లో బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అంటే థర్డ్ పార్టీ ఉందన్న ధీమా కూడా పూర్తిగా నిలబడదు.

పోనీ కంపెనీ పేచీ పెట్టకుండా ఇచ్చిందనుకో, ఎంత ఇస్తుంది? బండి పూర్తిగా పోతే ఇచ్చే గరిష్ఠ మొత్తాన్ని ఐడీవీ అంటారు. అది తయారీదారు అమ్మకం ధరలోంచి తరుగు తీసేసిన మొత్తం. రెండు నుంచి మూడేళ్ల బండికి 30 శాతం, నాలుగు నుంచి అయిదేళ్ల బండికి 50 శాతం తరుగు. అయిదేళ్లు దాటితే కంపెనీ, నువ్వూ మాట్లాడుకుని విలువ ఖాయం చేసుకోవాలి. మీరు లోపల పెట్టిన సొమ్ము ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఎనిమిది లక్షల ఐడీవీ ఉన్న వ్యాన్‌లో అయిదు లక్షల పని చేయించి, అది కాలిపోతే, ఎనిమిది లక్షల లోపే చేతికొస్తుంది. ఆ అయిదు లక్షలు ఎవరికీ కనపడవు. అందుకే పెట్టించిన ప్రతి వస్తువునూ విలువతో సహా ప్రకటించాలి. సోలార్ ప్యానెల్, ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ, ఫ్రిజ్ లాంటివి ఎలక్ట్రికల్ యాక్సెసరీల కింద, చెక్కపనీ సింకూ నాన్-ఎలక్ట్రికల్ కింద వేరువేరుగా రాయించు. పాత టారిఫ్‌లో, అంటే అన్ని కంపెనీలకీ ఒకే ప్రీమియం రేట్లున్న రోజుల్లో, ఎలక్ట్రికల్ వాటికి విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం ఉండేది. ఇప్పుడు కంపెనీని బట్టి మారుతుంది. ఆ లెక్కనే చూసినా లక్షన్నర సామానుకి 6,000, పైన జీఎస్టీ. దానికి కక్కుర్తి పడొద్దు.

ఇంకో చిక్కు పాడైన భాగాలు మార్చినప్పుడు వస్తుంది. బ్యాటరీలు, టైర్లు, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం కోస్తారు. ఫైబర్‌గ్లాస్‌కి 30 శాతం. గాజుకి కోత లేదు. చెక్కకి మాత్రం బండి వయసు ప్రకారం కోత: అయిదు నుంచి పదేళ్ల బండి అయితే 40 శాతం, పదేళ్లు దాటితే 50. నిన్న బిగించిన కొత్త ప్లైవుడ్ అయినా పాత బండిలో ఉంది కాబట్టి అది పాతదే. ఈ కోత పడకుండా చూసే జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవరు ఆ వయసు బండికి ఇస్తారో లేదో ముందే అడుగు. ఇస్తే తీసుకో.

ఇప్పుడు వరుస చెబుతాను, ఇది తారుమారు చేయొద్దు. బండి మీద లోను ఉంటే బ్యాంకు రాతపూర్వక అంగీకారం మొదట. తర్వాత ఆర్టీవో అనుమతి. ఆ తర్వాతే వడ్రంగి. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా మార్చకూడదని సెక్షన్ 52 అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో అదే గట్టిగా చెప్పింది. చట్టం దృష్టిలో మార్పు అంటే బండి నిర్మాణం మారి దాని మూల స్వభావం మారడం. కప్పు కోసి ఎత్తు పెంచడం, బాడీకి కొత్త కిటికీలు కోయించడం, సీట్ల సంఖ్య మార్చడం చిన్న విషయాలు కావు. అనుమతి లేకుండా కోయించి తర్వాత సర్ది చెప్పుకుందాం అనుకుంటే ఆర్‌సీ దగ్గరే ఆగిపోతారు, ఇన్సూరెన్స్ దాకా వెళ్లరు. మోటారు కారవాన్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం ఉన్న బాడీ బిల్డరు దగ్గర చేయిస్తే, పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ నకలు తీసుకుని భద్రపరుచుకో. మీరు కొన్నది పసుపు ప్లేటు బండి అయితే పర్మిట్ సరెండర్, పన్ను తేడా, సొంత వాడకానికి మార్పు అన్నీ ఉంటాయి. రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ పోర్టల్ వాహన్‌లో ‘క్యాంపర్ వ్యాన్ / ట్రైలర్ (ప్రైవేట్ యూజ్)’ అనే తరగతి ఉంది. ఆర్‌సీలో అది పడితే ఇన్సూరెన్సు వాళ్లతో సగం గొడవ ఉండదు.

బోల్టు వేయాలా వద్దా అన్నది కూడా ఆలోచించుకోవాలి. ఎత్తి బయట పెట్టగలిగే మంచం, పెట్టెలు ఉంటే ఆర్టీవో దగ్గర ఇబ్బంది తక్కువ, కానీ పాలసీ దృష్టిలో అవి లగేజీ. కాలినా పోయినా రూపాయి రాదు. బిగిస్తే బండిలో భాగం, అప్పుడు ఆర్‌సీ, పాలసీ రెండింటిలోనూ చెప్పాలి. నా మాట వింటే ఖరీదైన బ్యాటరీ, ఇన్వర్టర్, ప్యానెల్, ఫ్రిజ్ గట్టిగా బిగించి బిల్లులతో ప్రకటించండి. చెక్కపని వీలైనంత తేలిగ్గా ఉంచండి. లాప్‌టాప్, కెమెరా, బట్టలు మోటారు పాలసీలోకి రానే రావు.

బరువు కూడా చూసుకో తల్లీ. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8×4 షీటు ఒక్కటే సుమారు 35 కిలోలు. ఆరు షీట్లు వాడితే 200 కిలోలు దాటిపోతుంది. వంద లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే వంద కిలోలు. పని మొదలుపెట్టేముందూ, అయిపోయి నీళ్లు నింపాకా వేబ్రిడ్జి మీద తూకం వేయించి రెండు చీటీలూ దాచు. ఆర్‌సీలోని గరిష్ఠ బరువు దాటితే ముందు బ్రేకు దెబ్బతింటుంది, తర్వాత క్లెయిము.

నాకు అన్నిటికన్నా భయం మంటంటే. గుద్దుకుంటే మనిషి బయటపడే అవకాశం ఉంటుంది. నిద్రలో అంటుకుంటే ఉండదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి సిలిండరు పెట్టె లోపలివైపు పూర్తిగా మూసి ఉండాలి, అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. గ్యాస్ అలారం నేలకి దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే ఎత్తులో. గొట్టం ఐఎస్ఐ గుర్తున్నది, దాని మీది తేదీ చూసి మార్చాలి. బండి కదిలేటప్పుడు రెగ్యులేటర్ ఆపాల్సిందే. చలిగా ఉందని పొయ్యి వెలిగించి పడుకున్నారని తెలిస్తే నేనే వచ్చి ఆ పొయ్యి పీకేస్తాను.

వైరింగు ఇళ్లకి చేసే ఎలక్ట్రీషియన్ చేత చేయించకు. 1000 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 90 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంట్లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ దానికి ఏ మూలకీ చాలదు, కనీసం 25 కావాలి. అదీ కుదుపులకి విరగని బహుపోగుల తీగ. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే. ఫ్యూజుకీ బ్యాటరీకీ మధ్య ఎంత తీగ ఉంటే అంత తీగకి రక్షణ లేనట్టే. మంటలార్పే రెండు కిలోల ఏబీసీ ఎక్స్‌టింగ్విషర్ తలుపు పక్కనే, మంచం కింద కాదు. వెనక తలుపు లోపలినుంచి చీకట్లో చేత్తో తడుముకుని తెరిచేలా ఉందో లేదో పడుకుని చూసుకో. బండిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్నది పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఇన్వర్టర్ దానంతట అది చెడిపోతే డబ్బు రాదు, దానివల్ల మంట లేస్తే వస్తుంది. ఆ మంటకి కారణం ఏమిటని అడిగినప్పుడు చూపించడానికి పలకలు మూయకముందు ప్రతి తీగకీ ప్రతి ఫ్యూజుకీ ఫోటో తీసి పెట్టుకో.

అల్లుడు ఈఎంఐ కోసం వారాంతాల్లో వ్యాన్ అద్దెకిద్దాం అంటున్నాడట. వద్దని చెప్పు. ప్రైవేటు పాలసీలో అద్దెకి, కిరాయికి వాడకం మినహాయింపు. అద్దెకి తిప్పిన ప్రైవేటు కారు విషయంలో 2010లో సుప్రీంకోర్టు 75 శాతం ఇప్పించిన కేసు ఉంది కానీ, దాన్ని నమ్ముకుని ఎవరూ తాళం చేతికివ్వకూడదు. అద్దెకే ఇవ్వాలంటే కమర్షియల్ రిజిస్ట్రేషను, పర్మిటు, వేరే పాలసీ.

పాలసీ తీసుకునేటప్పుడు ఆన్‌లైన్‌లో మోడల్ ఎంచుకుని డబ్బు కట్టేయొద్దు. అక్కడ మీ మార్పులు చెప్పే గడి ఉండకపోవచ్చు. ఆఫీసుకి మెయిల్ పెట్టు: ఈ నంబరు వాహనం సొంత వాడకానికి క్యాంపర్‌గా మార్చాం, ఆర్‌సీ నకలు, వస్తువుల జాబితా, బిల్లులు, ఫోటోలు జతచేశాం, తనిఖీ చేసి ఎండార్స్‌మెంట్ ఇవ్వండి అని. ఎండార్స్‌మెంట్ అంటే ఆ మార్పుల్ని పాలసీలో చేర్చినట్టు కంపెనీ ఇచ్చే కాగితం. ఏజెంటు “ఏం కాదండీ, నేను చూసుకుంటా” అంటే అది పాలసీలో రాసి ఉండదు. ఎండార్స్‌మెంటు కాగితం చేతికొచ్చాకే బండి తియ్యి. ఏటా రెన్యువల్‌లో, ముఖ్యంగా కంపెనీ మారినప్పుడు, ఆ యాక్సెసరీల వరుస జారిపోతుంటుంది. కొత్త షెడ్యూలు రాగానే మొదట ఆ వరుసే చూడు.

వానల్లో తిరుగుతారు కాబట్టి ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోండి. నీళ్లు పోయిన ఇంజిన్ని స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే మామూలు పాలసీ ఇవ్వదు. నేపాల్, భూటాన్ వెళ్లాలనుకుంటే సరిహద్దు దాటకముందే భౌగోళిక పరిధి పెంచుకోవాలి. రెండు తాళంచెవులూ ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి, దొంగతనం క్లెయిముకి రెండూ అడుగుతారు. ఏదైనా జరిగితే సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టొద్దు. కంపెనీ కాదంటే దాని గ్రీవెన్స్ విభాగానికి రాసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లు. మన రెండు రాష్ట్రాలకీ హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇస్తారు.

ప్రపోజల్ ఫారం మీద సంతకం పెట్టేముందు ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపు. వాహనంలో మార్పులు చేశారా అన్న ప్రశ్న దగ్గర ఎవరైనా ‘లేదు’ అని ముందే టిక్కు పెట్టి ఉంటే, ఆ ఫారం చింపేసి కొత్తది అడుగు. ఆర్‌సీ నకలు కూడా పంపు, ఖాళీ బరువు ఎంత రాసి ఉందో చూసి నీళ్ల ట్యాంకు ఎంత పెట్టుకోవచ్చో చెబుతాను.

మీ బాబాయి