పోటీ ముగియగానే స్కోరు చెప్పవచ్చా, తక్కువ వచ్చినా చెప్పాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది: అక్టోబరు చివరి వారాంతంలో జరిగిన హాము రేడియో (అభిరుచిగా నడిపే రేడియో) వాళ్ల సీక్యూ వరల్డ్‌వైడ్ ఎస్‌ఎస్‌బీ పోటీలో, అంటే గొంతుతో మాట్లాడే పోటీలో, మీరు మొదటిసారి పాల్గొన్నారు. 180 కాంటాక్టులు (ఇతర స్టేషన్లతో సంభాషణలు) చేస్తే, వాటిని నమోదు చేసే లాగింగ్ సాఫ్ట్‌వేర్ 41,000 స్కోరు చూపించింది. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెద్దవాళ్లు లక్షల్లో అంకెలు పెడుతుంటే మీది పెట్టడానికి మొహమాటపడుతున్నారు. పైగా అధికారిక ఫలితాలు వచ్చేదాకా స్కోరు బయట పెట్టకూడదని ఒక సీనియరు మీకు చెప్పారు.

స్కోరు చెప్పకూడదన్న నియమం ఏదీ లేదు. పోటీ ముగిశాక చెప్పవచ్చు, పోటీ జరుగుతుండగానే చెప్పవచ్చు. ఈ రోజుల్లో లాగింగ్ సాఫ్ట్‌వేరే కొన్ని నిమిషాలకోసారి మీ మొత్తాన్ని ప్రత్యక్ష స్కోరుబోర్డుకు పంపగలదు. స్కోర్లు చెప్పుకోవడం హాముల్లో పాత అలవాటే. అమెరికాలో పోటీ అయిపోగానే ఆపరేటర్లు 3830 కిలోహెర్ట్జ్ మీద చేరి ఎవరికెంత వచ్చిందో చెప్పుకునేవారు. ఆ పౌనఃపున్యం అంకే ఇప్పుడు ప్రపంచమంతటా స్కోర్లు నమోదు చేసే వేదికకు పేరుగా నిలిచింది. ఇక్కడ మేము కూడా సోమవారం ఉదయం అయిదున్నరకు పోటీ ముగిసిన తరువాత, ఆఫీసుకు తయారయ్యేలోపు, 40 మీటర్ల బ్యాండు (పౌనఃపున్యాల వరుస) మీద కాసేపు అదే పని చేస్తుంటాము. ఆ సమయానికి రెండు రాత్రుల నిద్ర బాకీ ఉంటుంది కనుక సంభాషణ అంత గొప్పగా ఏమీ ఉండదు.

ఆ సీనియరు మాటలో నిజం ఉన్నది మరోచోట. స్కోరు చెప్పడం తప్పు కాదు గానీ, ఆ సందర్భంలో లాగులోని, అంటే కాంటాక్టుల నమోదులోని, విషయాలను ఒకరితో ఒకరు సరిచూసుకోవడం తప్పు. "ఆదివారం సాయంత్రం 15 మీటర్ల మీద నిన్ను పిలిచాను, నా కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు పేరు) సరిగ్గానే రాసుకున్నావా?" అని గ్రూపులో అడగడం, దానికి జవాబు చూసి లాగు దిద్దుకోవడం నిబంధనలకు విరుద్ధం. కాంటాక్టులను ఫోను ద్వారానో, సందేశాల ద్వారానో ముందుగా కుదుర్చుకోవడాన్ని, తరువాత ఖరారు చేసుకోవడాన్ని సీక్యూ నియమాలు క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తనగా పరిగణిస్తాయి. పోటీ మధ్యలో "ఇప్పుడు 21.290 మీద ఉన్నాను, రండి" అని గ్రూపులో పెట్టడం కూడా ఈ కోవకే చెందుతుంది. మన గ్రూపుల్లో ఇది ఎక్కువగా అమాయకత్వంతోనే జరుగుతుంది, అయినా తప్పు తప్పే. అందుకని నేను పాటించే క్రమం ఒకటి ఉంది. ముందు క్యాబ్రిల్లో ఫైలు (పోటీలకు లాగు పంపే నిర్ణీత రూపం) పంపించేస్తాను, ఆ తరువాతే స్కోర్ల కబుర్లలోకి దిగుతాను. సీక్యూ వరల్డ్‌వైడ్‌కు లాగు పంపే గడువు పోటీ ముగిశాక 5 రోజులే కనుక, దీనివల్ల నిరీక్షణ కూడా ఏమీ ఉండదు.

ఇక మొహమాటం సంగతి. మీ 41,000నూ మరొకరి లక్షలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఈ పోటీ స్కోరు కూడిక వల్ల వచ్చేది కాదు, గుణకారం వల్ల వచ్చేది. మీరు ఇచ్చిన లెక్కే తీసుకుందాం. ఆసియా బయట 120 కాంటాక్టులకు మూడేసి చొప్పున 360 పాయింట్లు, ఆసియాలోని ఇతర దేశాలతో 50 కాంటాక్టులకు ఒక్కొక్కటి చొప్పున 50, మన దేశంలోని 10 కాంటాక్టులకు సున్నా, వెరసి 410. బ్యాండుల వారీగా లెక్కించిన 32 జోన్లు (పోటీ కోసం ప్రపంచాన్ని విభజించిన ప్రాంతాలు), 68 దేశాలు కలిపి 100 మల్టిప్లయర్లు, అంటే గుణకాలు. 410ని 100తో గుణిస్తే 41,000. ఇప్పుడు ఇంకొక్క కాంటాక్టు చేశారనుకోండి. ఆ బ్యాండు మీద ఇదివరకే మాట్లాడేసిన జర్మనీ నుంచి మరొకరు దొరికితే మీ స్కోరు 300 పెరుగుతుంది, జపాను నుంచి అయితే 100 పెరుగుతుంది. అదే, మీరు ఇంతవరకు ఒక్క భారతీయుడితోనూ మాట్లాడని బ్యాండు మీద ఊళ్లోనే ఉన్న మరో హామును పట్టుకుంటే పాయింట్లు సున్నా, కానీ మన దేశం ఒక మల్టిప్లయరు, మన 22వ జోను ఇంకొక మల్టిప్లయరు. 410ని 102తో గుణించండి, 820 పెరిగింది! పక్క వీధి వ్యక్తితో అర నిమిషం మాట్లాడితే జర్మనీ కాంటాక్టుకు రెండున్నర రెట్లకు పైగా లాభం. "సున్నా పాయింట్లే కదా" అని మన వాళ్ల పిలుపును దాటేసేవారు చాలామంది ఉన్నారు, లక్షల్లో స్కోర్లు పెట్టేవారిలో కూడా.

ఈ సంగతి మొత్తం అంకెను చూస్తే బయటపడదు, విడి లెక్కను చూస్తేనే బయటపడుతుంది. నాకు ఇది తెలిసింది ఒక సీనియరు ఆపరేటరు పంచుకున్న బ్యాండుల వారీ పట్టిక వల్ల. ఆయన మొత్తం కాంటాక్టులు నావాటికంటే తక్కువ, స్కోరు మాత్రం బాగా ఎక్కువ. కారణమేమిటా అని పట్టిక చూస్తే, 80 మీటర్ల మీద ఆయనకు ఉన్నవి పట్టుమని పాతిక కాంటాక్టులు, కానీ అందులో దాదాపు ప్రతి ఒక్కటీ కొత్త దేశమే. నేనేమో ఆ బ్యాండు రణగొణధ్వని భరించలేక 15 మీటర్ల మీదే జపానువాళ్లతో ఒక్కొక్క పాయింటు ఏరుకుంటూ ఉన్నాను. ఆయన ఆ పట్టికను గుట్టుగా దాచుకొని ఉంటే నేను ఈనాటికీ అలాగే ఆడుతూ ఉండేవాడిని. మీ పట్టిక కూడా ఎవరికో ఒకరికి అలాగే అక్కరకు వస్తుంది, తక్కువ స్కోరు అయినంత మాత్రాన దాని విలువ తగ్గదు. నిజానికి నూరు వాట్ల రేడియో, మేడ మీద తీగ యాంటెన్నా ఉన్నవారికి పనికివచ్చేది అలాంటి సెటప్పే ఉన్న మరొకరి పట్టిక; టవరు మీద బీము (ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా), పక్కన యాంప్లిఫయరు ఉన్నవారిది కాదు.

పోల్చుకునేటప్పుడు ఇంకొకటి మరవకండి. ఈ పోటీలో మనిషి నైపుణ్యానికి ఎంత పాత్ర ఉందో భూగోళానికీ ఇంచుమించు అంతే ఉంది. యూరపులో వేల సంఖ్యలో హాములు ఉన్నారు. స్పెయిన్‌లో కూర్చున్న వ్యక్తికి యూరపు కాంటాక్టు ఒక పాయింటే, జలసంధి దాటి మొరాకోలో కూర్చుంటే అదే కాంటాక్టు ఖండం మారినందుకు 3 పాయింట్లు. కేవలం ఇందుకోసమే పెట్టెలు సర్దుకొని మొరాకోకో, కానరీ దీవులకో విమానం ఎక్కే ఆపరేటర్లు ఉన్నారు. మనకు యూరపు 3 పాయింట్లే గనుక ఆ మేరకు అదృష్టవంతులం. హైదరాబాదు నుంచి మధ్యాహ్నం మొదలుకొని చీకటి పడేదాకా 15 మీటర్ల మీద యూరపు బాగా వినిపిస్తుంది. ఉదయం ఆరేడు గంటలకు తూర్పు తెరుచుకుంటుంది, కానీ అటు ఎక్కువగా దొరికేది ఒక పాయింటు జపానే. ఉత్తర అమెరికాకు మన సంకేతం దాదాపు ధ్రువం మీదుగా వెళ్లవలసి రావడంతో అది తరచుగా నీరసించిపోతుంది. మన చుట్టపక్కాల్లో సగం మంది ఉన్న టెక్సాస్, అంటే 4వ జోను, ఫోనులో ఎంత దగ్గరో రేడియోలో అంత దూరం. అమెరికా తూర్పు తీరంలోని స్కోరుతో మీ స్కోరును పోల్చుకొని దిగులుపడితే అది అనవసరపు దిగులు.

సూర్యుడి లెక్క కూడా ఉంది. 2019లో సౌరచక్రం (సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే చక్రం) అడుగున ఉన్నప్పుడు 10 మీటర్ల బ్యాండు చాలా రోజులు మూగగానే ఉండేది. 2024 ప్రాంతంలో చక్రం ఉచ్ఛస్థితికి చేరినప్పుడు అదే బ్యాండు పగలంతా కిక్కిరిసిపోయింది. ఆ రెండు సంవత్సరాల స్కోర్లనూ పోల్చి "నేను ఎంత ఎదిగానో" అని మురిసేవారు సూర్యుడికి రావలసిన పొగడ్తను తాము తీసుకుంటున్నారు. ఈ తేడాలన్నీ తీసివేసి కేవలం ఆపరేటర్లను పోల్చడానికే 1990లో సియాటిల్‌లో డబ్ల్యూఆర్‌టీసీ (ప్రపంచ రేడియోస్పోర్ట్ జట్ల చాంపియన్‌షిప్) పోటీ మొదలైంది. 2018లో జర్మనీలోనూ, 2023లో ఇటలీలోనూ జరిగినప్పుడు జట్లన్నీ ఒకే ప్రాంతంలో, ఒకే రకం యాంటెన్నాలతో, ఒకే పవరు పరిమితితో తలపడ్డాయి. అంత చేస్తే తప్ప స్కోర్లను నేరుగా పోల్చడం కుదరదన్నమాట.

ఇప్పుడు మీరు చెప్పే అంకె విషయంలో ఒక హెచ్చరిక. సాఫ్ట్‌వేర్ చూపించేది మీరు కోరుతున్న స్కోరు మాత్రమే, మీకు దక్కిన స్కోరు కాదు. నిర్వాహకులు వచ్చిన లాగులన్నిటినీ కంప్యూటరులో ఒకదానితో ఒకటి సరిపోల్చుతారు. మీరు రాసిన కాల్‌సైన్ తప్పయితే, లేదా అవతలివారి లాగులో మీరు లేకపోతే, ఆ కాంటాక్టు పోవడమే కాక పాయింట్లలో అదనపు కోత కూడా పడుతుంది. ఆ తప్పు కాల్‌సైన్ వల్ల లేని దేశం ఒకటి మీ ఖాతాలో చేరి ఉంటే ఆ మల్టిప్లయరు కూడా పోతుంది. అయితే మీ కాల్‌సైన్‌ను అవతలివారు తప్పుగా రాసుకుంటే కోత పడేది వారికే, మీకు కాదు.

ఇటువంటి తప్పులు ఎలా పుడతాయో మోర్సులో స్పష్టంగా తెలుస్తుంది. మన దేశపు కాల్‌సైన్ల మొదట వచ్చే వీయూ2కు, వీయూ3కు మధ్య తేడా అంకెలోని మూడో గుర్తు ఒక్కటే: అది డా (గీత) అయితే 2, డిట్ (చుక్క) అయితే 3. నిమిషానికి ముప్పై మాటల వేగంతో, పైన ఉరుముల చిటపటలతో ఆ ఒక్క డిట్టు జారిపోవడానికి ఎంతసేపు? ఎస్‌ఎస్‌బీలో ప్రమాదం ప్రతి కాంటాక్టులో చెప్పుకునే జోను దగ్గర ఉంటుంది. అమెరికా కాల్‌సైన్ టైపు చేయగానే సాఫ్ట్‌వేర్ అందులోని అంకెను బట్టి జోనును తానే నింపేస్తుంది. కాలిఫోర్నియాలో ఉండగా తీసుకున్న కాల్‌సైన్‌తోనే తూర్పు తీరానికి కాపురం మార్చినవారు 5 అని చెబుతుంటే, తెర మీద మాత్రం 3 అనే ఉంటుంది. చెవిని నమ్మాలి, తెరను కాదు. కొన్ని నెలలకు తుది ఫలితాలతో పాటు మీ లాగు తనిఖీ నివేదిక కూడా వస్తుంది. మీరు ఈనాడు చెప్పిన అంకెకు, ఆనాడు వచ్చే అంకెకు మధ్య ఎంత శాతం తగ్గిందో చూసుకోండి. నా దృష్టిలో ర్యాంకు కంటే చూడదగిన అంకె అదే. ముందుగా స్కోరు ప్రకటించినవారికే ఈ తేడా నలుగురిలో తెలిసే ఇబ్బంది ఉంటుంది గనుక, వచ్చే ఏడాది చెవి మరింత జాగ్రత్తగా పనిచేస్తుంది.

స్కోరు పెట్టేటప్పుడు నేను విభాగం, పవరు, యాంటెన్నా, రేడియో ముందు కూర్చున్న గంటలు, డీఎక్స్ క్లస్టరు (ఎవరు ఏ పౌనఃపున్యం మీద ఉన్నారో చూపే ఆన్‌లైన్ జాబితా) సహాయం తీసుకున్నానా లేదా అన్నవి రాసి, కింద బ్యాండుల వారీగా కాంటాక్టులు, జోన్లు, దేశాలు ఇస్తాను. తరువాత రెండు మూడు వాక్యాలలో పరిస్థితులు రాస్తాను. ఈ పోటీ దీపావళి దరిదాపుల్లో వచ్చిన సంవత్సరాల్లో మా కాలనీలో బాల్కనీలన్నిటికీ వేలాడే ఎల్‌ఈడీ దీపాల దండల వల్ల 40 మీటర్ల మీద నాయిస్ ఎస్‌9కి (రేడియో మీటరు మీద చాలా బలమైన స్థాయికి) తగ్గదు. ఒకసారి రాత్రి వీధి మొత్తానికి కరెంటు పోయింది. బ్యాటరీ మీద నడుస్తున్న నా రేడియోలో హఠాత్తుగా నిశ్శబ్దం పరచుకొని, అంతవరకు ఉన్నట్టే తెలియని ఆఫ్రికా స్టేషన్లు ఒక్కొక్కటిగా వినిపించాయి. ట్రాన్స్‌ఫార్మరు బాగుచేసేవారు ఇంకొంచెం తీరిగ్గా వస్తే బాగుండునని ఆ రాత్రి కోరుకున్నవాడిని మా వీధిలో నేనొక్కడినే అయి ఉంటాను. ఆ గంటసేపటి కాంటాక్టులు పట్టికలో విడిగా కనిపిస్తాయి, కారణం రాయకపోతే చదివినవారికి అర్థం కాదు.

మీరు లాగు ఇంకా పంపి ఉండకపోతే ఈరోజే పంపండి. పోటీ ముగిశాక దానిలోని కాల్‌సైన్లను ఏ డేటాబేసుతోనూ పోల్చి దిద్దకండి, అది కూడా నిషిద్ధమే. పంపినట్టు రసీదు వచ్చాక గ్రూపులో మీ 41,000ను పట్టికతో సహా పెట్టండి. నవంబరు చివరి వారాంతంలో ఇదే పోటీ సీడబ్ల్యూ (మోర్సు) భాగం ఉంది. దానికి కూర్చునే ఆలోచన ఉంటే మీ 40, 80 మీటర్ల లెక్కలను ఇక్కడ కూడా రాయండి. ఆ బ్యాండుల మీద ఏ వేళ ఏ దిక్కు తెరుచుకుంటుందో మా మేడ మీది అనుభవంతో చెబుతాను.