ఆరు వారాల బిడ్డకి మూడు సూదులు: నొప్పి తగ్గించడానికి ఏం చేయాలి?

బాబుకి ఆరు వారాలు నిండాయి, శనివారం సబ్‌సెంటర్‌లో సూదులు వేస్తారు, ముందే పారాసెటమాల్ పోసి తీసుకెళ్లాలా, లేక ప్రైవేటులో ‘నొప్పి లేని టీకా’ వేయించాలా అని అడిగారు. ముందే మందు పోయకండి. ఆ ఖరీదైన టీకా కోసం అప్పు కూడా చేయకండి. నొప్పిని బాగా తగ్గించేది తల్లిపాలే. కాకపోతే బిడ్డ ఏడ్చాక ఇస్తే ఆలస్యమైనట్టే. సూది దిగేసరికే రొమ్ము నోట్లో ఉండాలి.

ఆ రోజు పడేవి ఇవి: పోలియో చుక్కలు రెండు, రోటా మందు (విరేచనాల టీకా) నోటికి, కుడి భుజం మీద చర్మంలోకి ఐపీవీ (పోలియో సూది), కుడి తొడకు పీసీవీ (న్యుమోనియా టీకా), ఎడమ తొడకు పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బుల టీకా). నోటి మందులు ముందు వేయమని నర్సమ్మను అడగండి. రోటా మందులో చక్కెర ఉంటుంది, ఆ తీపి కూడా నొప్పిని కొంత అణుస్తుంది. చుక్కలు వేశాక అరగంట పాలు ఇవ్వకూడదని చాలాచోట్ల చెబుతారు. అలాంటి నియమం లేదు, వెంటనే పట్టించవచ్చు.

వరుసలో ఉండగానే తొడలు, భుజం బయటికి వచ్చేలా బట్టలు వదులు చేసుకోండి. సూది ముందు గుండీలతో కుస్తీ పడితే బిడ్డ అప్పుడే ఏడుపు మొదలుపెడతాడు. మీరు ముందు తెరుచుకునే జాకెట్టో నైటీనో వేసుకోండి.

కూర్చుని మొదట కుడి రొమ్ము పట్టించండి. అలా పడుకున్నప్పుడు బిడ్డ కుడివైపు పైకి ఉంటుంది కాబట్టి కుడి భుజం, కుడి తొడ నర్సమ్మకు సులువుగా అందుతాయి. చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లి, బిడ్డ గుటకలు వేయడం వినిపించాలి. ఒకటి రెండు నిమిషాలు అలా తాగాక మొదటి సూది. కుడివైపు రెండూ అయ్యాక ఎడమ రొమ్ముకి మార్చి, మళ్లీ తాగడం మొదలయ్యాకే ఎడమ తొడకి. బిడ్డకి కింద ఉన్న చేతిని మీ చంక కిందుగా నడుము వెనక్కి పెట్టుకోండి, పై చేతిని మీ చేత్తో పట్టుకోండి. మోకాలి పైన మెత్తగా అదిమి పట్టుకుంటే చాలు. గట్టిగా బిగిస్తే ఏడుపు పెరుగుతుంది, వదిలేస్తే కాలు విదిలించి సూది గీసుకుంటుంది. చివరి సూది అయ్యాక కూడా కొన్ని నిమిషాలు తాగనివ్వండి.

పాలు తాగుతుండగా పొడిస్తే పొలమారుతుందని కొందరు నర్సులు ఒప్పుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే టీకా నొప్పి తగ్గించడానికి పాలు పట్టిస్తూ వేయమని సూచించింది. గొడవ పడకుండా ‘ఒడిలోనే పెట్టుకుంటానమ్మా, మీకు కాలు కదలకుండా పట్టుకుంటాను’ అంటే ఎక్కువమంది సరేనంటారు. బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

డబ్బా పాల బిడ్డైతే, లేదా తల్లి రాలేకపోతే, కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాల్లో ఒక చెంచా చక్కెర కరిగించి తీసుకెళ్లండి. సూదికి రెండు నిమిషాల ముందు 2 మి.లీ. మాత్రం, బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా వేయండి. దాని ప్రభావం కొన్ని నిమిషాలే. ఇంట్లో ఏడుపు మాన్పించడానికి దీన్ని వాడకండి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు తగలనివ్వద్దు, దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

పారాసెటమాల్ ముందే పోస్తే సూది నొప్పి తగ్గదు. పైగా టీకాకు శరీరం తయారుచేసుకునే రక్షణ కొంత తగ్గవచ్చని 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. జ్వరం వచ్చాక, లేదా తొడ వాచి బిడ్డ బాధపడుతుంటే అప్పుడు పోయండి. మోతాదు బరువును బట్టి: కిలోకి 10 నుంచి 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకుండా. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. చుక్కల సీసాలో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 250. నాలుగున్నర కిలోల బిడ్డకి చుక్కల మందు అర మి.లీ. సరిపోతుంది. సిరప్ అనుకుని దాన్ని చెంచాతో పోస్తే పది రెట్లు పడుతుంది. 500 బిళ్లలో పావు అంటే 125 మి.గ్రా., అది కూడా ఈ వయసుకి ఎక్కువే. సీసా మీద అంకె చూసి, మోతాదు నర్సమ్మ చేత కార్డు మీద రాయించుకోండి.

ఇక ‘నొప్పి లేని టీకా’ అంటే పెంటావాలెంట్‌కు బదులు ప్రైవేటులో వేసేది. సూది అదే, పొడిచినప్పటి నొప్పీ అంతే. అందులో కోరింత దగ్గు భాగం వేరేగా తయారవుతుంది కాబట్టి తర్వాత జ్వరం, వాపు తక్కువ. అయితే కోరింత దగ్గు నుంచి రక్షణ ఎక్కువకాలం నిలిచేది మామూలు పెంటాతోనే. ఆ పేరు తల్లిదండ్రులను తప్పుదారి పట్టిస్తోందని నా అభిప్రాయం.

సూది వేసిన చోట రుద్దకండి. ఆ రోజు ఆ తొడకు నూనె మర్దన, కాపడం వద్దు. చల్లటి తడి గుడ్డ వేయవచ్చు. స్నానం మామూలుగా చేయించవచ్చు. ఒకటి రెండు రోజులు ఆ కాలు సరిగా కదపకపోవడం, పాలు కాస్త తగ్గడం మామూలే. చిన్న గట్టి గడ్డ కొన్ని వారాలు ఉండి దానంతటదే కరుగుతుంది. పుట్టినప్పుడు ఎడమ భుజానికి వేసిన బీసీజీ (క్షయ టీకా) ఇప్పుడే పొక్కి చీము పట్టవచ్చు, దానికి పసుపు, ఆయింట్‌మెంట్ ఏదీ రాయవద్దు.

అన్నీ అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. ఇంటికొచ్చాక ఆపకుండా మూడు గంటలకు మించి ఏడ్చినా, ఒళ్లు పాలిపోయి మెత్తగా వేలాడినా, ఫిట్స్ వచ్చినా, పాలు పూర్తిగా మానేసినా, వాపు మోకాలు దాటినా, జ్వరం రెండు రోజులకి తగ్గకపోయినా మందు పోస్తూ ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరి ఇబ్బంది, ఫిట్స్ అయితే 108కి ఫోన్ చేయండి.