ఐఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు ఊళ్ళో ఉన్న అమ్మ ఆండ్రాయిడ్ ఫోన్‌కు వాటంతటవే వెళ్ళేలా పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కానీ పెట్టకండి. మీలాగే నేనూ ఐఫోన్ వాడుతూ, ఊళ్ళో అమ్మకు ఆండ్రాయిడ్ కొనిచ్చి, గ్యాస్‌కూ కరెంటు బిల్లుకూ అన్నిటికీ నా నంబరే ఇచ్చుకున్నవాణ్ణి. మీరడిగిన ఏర్పాటు మూడు నెలలు నడిపి తీసేశాను.

సెట్టింగ్స్‌లో మెసేజెస్ దగ్గర టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్ అని ఒకటి కనిపిస్తుంది. దాన్ని నమ్ముకోకండి. 2014లో ఐఓఎస్ 8.1తో వచ్చిన ఆ సదుపాయం, మీ ఆపిల్ ఖాతాతోనే ఉన్న ఐప్యాడ్‌కో మ్యాక్‌కో పంపుతుంది తప్ప ఆండ్రాయిడ్ గడప తొక్కదు. యాప్ స్టోర్‌లో వెతికినా లాభం లేదు. బయటి యాప్‌లు మన మెసేజ్‌లు తీసి ఇంకొకరికి పంపడానికి ఐఫోన్ ఒప్పుకోదు. మిగిలింది ఐఫోన్‌లోనే ఉండే షార్ట్‌కట్స్ అనే యాప్ ఒక్కటే. అందులో ఆటోమేషన్ అని ఉంటుంది. ఫలానా మాట ఉన్న మెసేజ్ వస్తే దాన్ని ఫలానా నంబరుకు పంపమని అక్కడ పెట్టుకోవచ్చు. ప్రతిసారీ మనల్ని అడగకుండా వెంటనే పంపేలా కూడా పెట్టొచ్చు. నేను పెట్టింది అదే.

అమ్మ తణుకు దగ్గర పల్లెలో ఉంటుంది. గ్యాస్ కనెక్షన్ ఆమె పేరు మీదే ఉంది. నంబరు మాత్రం నాది, అప్పట్లో ఆమెకు ఫోన్ లేదు కాబట్టి. ఇప్పుడు బండ ఇంటికి రావాలంటే డీఏసీ అని ఒక కోడ్ చెప్పాలి కదా, 2020 నవంబర్‌లో నగరాల్లో మొదలైంది. జనం దాన్ని కూడా ఓటీపీ అనే అంటారు. ఆ కోడ్ హైదరాబాద్‌లో నా జేబులోకి వస్తుంది, బండ అక్కడ అమ్మ గుమ్మంలోకి వస్తుంది. అందుకని డీఏసీ అన్న మాట ఉన్న మెసేజ్ ఏదొచ్చినా అమ్మకు వెళ్ళేలా పెట్టి, ఇక ఏ టెన్షనూ లేదనుకున్నాను.

మొదటి రెండుసార్లూ పక్కింటి అమ్మాయి ఉండి చదివిపెట్టింది. మూడోసారి ఆ పిల్ల కాలేజీకి వెళ్ళిపోయింది. శ్రావణ మాసం, ముసురు పట్టి ఉంది. గ్యాస్ అబ్బాయి బండ భుజాన పెట్టుకుని అరుగు మీదికొచ్చాడు. నిండు బండ దగ్గర దగ్గర 30 కిలోలుంటుంది. 'పిన్నిగారూ, ఓటీపీ చెప్పండి' అన్నాడు. మెసేజ్ అమ్మ ఫోన్‌లో ఉంది, అంతా ఇంగ్లీషులో. అమ్మకు తెలుగు బాగా వచ్చు, అంకెలు వచ్చు, ఇంగ్లీషు రాదు. ఆ మెసేజ్‌లో ముందు బుకింగ్ నంబరు, తర్వాత డబ్బులెంతో, చివర్న ఎక్కడో కోడ్. అమ్మ మొదట కనిపించిన అంకెలు ఒక్కొక్కటే గట్టిగా చదివింది. 'నాలుగే ఉంటాయి పిన్నిగారూ, నాలుగు చెప్పండి' అన్నాడతను. డబ్బుల అంకెలు చదివింది. అదీ కాదు. నాకు ఫోన్ చేసింది. నేను మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. అయిదు మిస్డ్ కాల్స్. తడుస్తూ ఎంతసేపని నిలబడతాడు? బండ తిరిగి ఆటో ఎక్కింది.

మళ్ళీ నాలుగు రోజులకు గానీ రాలేదు. ఆ నాలుగు రోజులూ అమ్మ పెరట్లో రేకుల కింద కట్టెల పొయ్యి మీద వండుకుంది. తడి కట్టెలు అంటుకోక గొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డాయట. ఆ సంగతి పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. అమ్మ మాత్రం 'ఏం పర్లేదు నాన్నా, నీ పని పాడుచేసుకోకు' అంది. ఆ మాటకు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

నన్నడిగితే లోపం ఫోన్లది కాదు. పల్లెలో ఉన్న మనిషికి వెళ్ళే మెసేజ్ ఇంగ్లీషులో ఎందుకుండాలి? నేను అనుకునే కారణం డబ్బే. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్క. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తే ఫోన్ దాన్ని ఆరుగా లెక్కపెడుతుంది. కాస్త పెద్ద మెసేజ్ తెలుగులో రాశామంటే రెండు మూడు ఎస్సెమ్మెస్‌ల ఖర్చు. అంతంత వ్యాపారాలు చేసేవాళ్ళు ఆ పైసలు భరించలేరా? కనీసం కోడ్ మొదట్లో పెట్టి మిగతాదంతా కిందకు నెట్టొచ్చుగా!

అన్ని మెసేజ్‌లూ పంపేద్దామని మాత్రం అనుకోకండి. మీ బ్యాంకు ఓటీపీలు కూడా ఇంకో ఫోన్‌లో పడుంటాయి, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలియదు. అమ్మగారి ఆండ్రాయిడ్ నుంచి మీకు రావాలన్నా సరే, మెసేజ్‌లు ఫార్వర్డ్ చేసే యాప్ అంటూ ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు జన్మలో వేయకండి. చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో అలాంటివి పంపి, ఓటీపీలు లాక్కుని ఖాతాలు ఊడ్చేస్తున్నారు. పొరపాటున వేసి డబ్బు పోతే గంటలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చివరికి నేను చేసిన పని ఇది. వారం తర్వాత ఊరెళ్ళి, గ్యాస్ పుస్తకం, ఆధార్ జిరాక్స్ పట్టుకుని అమ్మను ఏజెన్సీకి తీసుకెళ్ళి కనెక్షన్‌కు ఆమె నంబరే ఎక్కించాను. అరగంట పట్టింది, అంతే. మూడు నెలలు షార్ట్‌కట్స్‌తో కుస్తీ పట్టే బదులు మొదటే చేయాల్సింది. తర్వాత సాయంత్రం అరుగు మీద కూర్చుని పాత మెసేజ్‌లు తెరిచి, 'డీ, ఏ, సీ, ఈ మూడక్షరాల పక్కన ఉన్న నాలుగంకెలే చెప్పు' అని చూపించాను. అమ్మ ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలూ గోడ మీది క్యాలెండర్ అట్ట వెనక బాల్ పెన్నుతో పెద్దగా, ఒకటికి రెండుసార్లు దిద్దుకుంటూ రాసుకుంది. మొన్న బండ వచ్చిన రోజు ఫోన్ చేసి 'నేనే చెప్పానురా' అంది.

మీరూ ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ పని ముగించుకుని రండి. ఈలోపు బండ బుక్ చేస్తే మెసేజ్ మొత్తం పంపకండి. ఆ నాలుగంకెలు మాత్రం మీ చేత్తో టైప్ చేసి పంపి, అందాయో లేదో ఒక ఫోన్ చేసి అమ్మగారి చేత చదివించుకోండి.