సగ్గుబియ్యం మిల్లు నీటితో నడిచే డైజెస్టర్‌లో గ్యాస్ మండకపోవడానికి కారణం

సున్నం వేసినా పీహెచ్ మళ్లీ 6 కంటే దిగువకు పడిపోయి, గ్యాస్ వస్తున్నా మంట నిలవడం లేదంటే, కర్రపెండలం పిండినీరు ఆమ్లాలుగా మారే వేగాన్ని మండే వాయువైన మీథేన్‌ను తయారుచేసే సూక్ష్మజీవులు అందుకోలేక డైజెస్టర్ (గాలి చొరబడని బయోగ్యాస్ ట్యాంకు) పులిసిపోయిందని అర్థం.

1. కొత్త నీరు పోయడం వెంటనే ఆపండి.

2. చాలామంది వదిలేసే పని ఇది: పీహెచ్‌తో సరిపెట్టుకోకుండా లోపలి ద్రవంలోని ఆమ్లాలను, క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని) ల్యాబులో కొలిపించండి. క్షారతతో పోలిస్తే ఆమ్లాల నిష్పత్తి 0.4 దాటినప్పుడు, పీహెచ్ 7 చూపినా అది నమ్మదగినది కాదు.

3. సున్నం కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకొని అడుగున గట్టిగా పేరుకుంటుంది కనుక, వంటసోడాను విడతలుగా కలపండి. ఖర్చు ఎక్కువే.

4. చక్కగా నడుస్తున్న పేడ ప్లాంటు స్లర్రీని చేర్చి, నిష్పత్తి 0.3కు దిగి, మంట నిలిచాకే పాత మోతాదులో నాలుగో వంతుతో నీరు పోయడం మళ్లీ మొదలుపెట్టండి.