రాతప్రతుల బల్ల: పగబట్టిన నాయిక గురించి మీ ప్రశ్నలు

గత సంచికలో యుద్ధకాలపు నవలల గురించి రాస్తూ, పగ తీర్చుకునే నాయిక కథ రాయడం తేలిక, నమ్మించడం కష్టం అన్నాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చిన ఉత్తరాలతో నా బల్ల నిండిపోయింది. ఎక్కువ మంది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌ను నేపథ్యంగా తీసుకున్నారు కాబట్టి నేనూ అక్కడే ఉంటాను. మధ్యలో ఒకసారి నెదర్లాండ్స్‌కు వెళ్లక తప్పదు. పేర్లు వేయవద్దని కొందరు కోరారు. గొడవ లేకుండా అందరి పేర్లూ తీసేశాను.

ప్రశ్న: అమ్మా, నా నవల 1943లో లియోన్ నగరంలో జరుగుతుంది. నాయిక భర్త అచ్చాఫీసు కార్మికుడు. రహస్య పత్రిక అచ్చువేస్తున్నాడని నాజీల రహస్య పోలీసు విభాగం గెస్టపో పట్టుకుని చంపుతుంది. నాయిక ప్రతిఘటన దళంలో చేరి, తుపాకీ నేర్చుకుని, చివరి అధ్యాయంలో ఆ గెస్టపో అధికారిని కాల్చేస్తుంది. చదివిన స్నేహితులందరూ "సినిమాలా ఉంది" అంటున్నారు. లోపం ఎక్కడ?

జవాబు: మీ నాయిక కోపాన్ని నేను శంకించను. అలాంటి మనిషి నిజంగానే ఉంది. వయొలెట్ సాబో తల్లి ఫ్రెంచి, తండ్రి ఇంగ్లీషు. లండన్‌లో ఒక దుకాణంలో అత్తర్లు అమ్మేది. భర్త ఎతియెన్ 1942 అక్టోబరులో ఈజిప్టులోని ఎల్ అలమైన్ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి కూతురికి నాలుగు నెలలు, అతను బిడ్డ ముఖం కూడా చూడలేదు. ఆ తరువాత ఆమె బ్రిటిష్ రహస్య సంస్థ ఎస్.ఓ.ఇ.లో చేరి 1944లో రెండుసార్లు ఫ్రాన్స్‌కు వెళ్లింది. రెండోసారి జూన్ 10న సాలోన్-లా-తూర్ దగ్గర పట్టుబడింది. మరుసటి ఏడాది మొదట్లో జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో చంపేశారు. అప్పుడామెకు 23 ఏళ్లు. మరణానంతరం ఇచ్చిన జార్జ్ క్రాస్ పతకాన్ని 1947లో నాలుగేళ్ల కూతురు అందుకుంది.

ఇంతకీ మొదటిసారి వెళ్లినప్పుడు ఆమెకు అప్పగించిన పని ఏమిటి? రువాన్ ప్రాంతంలో అరెస్టులతో చెదిరిపోయిన దళంలో ఎవరు మిగిలారో, ఎవరు పోయారో కనుక్కుని రావడం. భర్తను చంపిన సైనికుడెవరో ఆమెకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. అంత దుఃఖంతో బయలుదేరిన మనిషికి దొరికింది గుమ్మం గుమ్మం తిరిగి ఆరా తీసే పని. మీ నాయికకు మాత్రం మూడో అధ్యాయంలోనే తుపాకీ ఇచ్చేశారు, శత్రువు పేరూ ఇచ్చారు, వాడి ఇంటి చిరునామా కూడా ఇచ్చారు.

ఇది చిన్న లోపం. పెద్దది చివర్లో ఉంది. మీ అధికారి ఆఖరి పేజీలో చస్తాడు, పుస్తకం అయిపోతుంది. ఆ రోజుల్లో ఆ దేశంలో కథ సరిగ్గా అక్కడే మొదలయ్యేది. 1941 అక్టోబరు 20న నాంత్ నగరంలో జర్మన్ సైనిక కమాండర్ కార్ల్ హోట్జ్‌ను వీధిలో కాల్చి చంపారు. రెండు రోజులు తిరిగేసరికి జర్మన్లు 48 మంది బందీలను కాల్చేశారు. అందులో 27 మంది షాతోబ్రియాన్ శిబిరంలోని వారు. వారిలో గీ మోకే అనే కుర్రవాడికి 17 ఏళ్లు. కమాండర్‌ను కాల్చిన రోజున ఆ అబ్బాయి ముళ్లకంచె లోపలే ఉన్నాడు. బందీలను కాల్చిన మరునాడు, లండన్ నుంచి ఫ్రెంచి పోరాటాన్ని నడుపుతున్న ద గోల్ అక్కడి రేడియోలో మాట్లాడుతూ, ప్రస్తుతానికి జర్మన్లను బహిరంగంగా చంపవద్దని ఆదేశించాడు. కమ్యూనిస్టు దళాలు ఆ మాట వినలేదు. బందీల కోసం ఆగిపోతే శత్రువు అనుకున్నది సాధించినట్లేనని వారి వాదన. ఎవరిది ఒప్పో నేను తేల్చలేను, మీ నవల కూడా తేల్చనక్కర్లేదు. కానీ ఈ తగవు ఒక్క పేజీలోనైనా వినబడకుండా ఫ్రాన్స్‌లో పగ కథ ఎలా నడుస్తుంది?

భర్త హంతకుడిని చంపుతానని మీ నాయిక అన్న మరుక్షణం దళనాయకుడు ఒక్కటే అడుగుతాడు: "మోంలుక్ జైలులో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా?" ఆమె తూటాకు బదులుగా గోడ దగ్గర నిలబడేది ఆ జైలులోని వారే. వారిలో ఒకడి తల్లి రేపు రొట్టెల వరుసలో మీ నాయిక వెనకే నిలబడవచ్చు, ఏమీ తెలియక ఆమెతో చలి గురించి మాట్లాడవచ్చు. అధికారి చావును నవల సగంలోకి లాక్కురండి, మిగతా సగం ఈ వరుసలో రాయండి. మీ స్నేహితులు సినిమా మాట ఎత్తరు.

ప్రశ్న: నేను పోటీకి పంపిన కథను మీరు "కాఫీ, సిగరెట్టు, మడమల చప్పుడు" అని మూడు మాటలు రాసి తిప్పి పంపారు. నా కథలో నాయిక పారిస్‌లో ఒక హోటలు ముందు కూర్చుని కాఫీ తాగుతూ, సిగరెట్టు వెలిగించి, తన అన్నను పట్టించిన ద్రోహి కోసం కాపు కాస్తుంది. తరువాత నిశ్శబ్దంగా వాడిని వెంబడిస్తుంది. ఇందులో తప్పేముంది?

జవాబు: మూడూ తప్పే. మరీ పొదుపుగా రాసి పంపినందుకు మీకు కోపం రావడం న్యాయం, కాబట్టి ఇప్పుడు వివరంగా చెబుతాను.

ఆక్రమణ కాలంలో నిజమైన కాఫీ గింజ దొరకడం గగనం. వేయించిన బార్లీ, చికోరి వేర్లు కాచిన నల్లని నీళ్లనే కాఫీ అనుకుని తాగేవారు. మీ నాయిక "కమ్మని సువాసన" పీల్చింది. ఆ సువాసన ఉన్న చోట జర్మన్ అధికారి గానీ నల్లబజారు వ్యాపారి గానీ ఉండాలి. పాలులేని కాఫీ కావాలని ప్రత్యేకంగా అడగడం కూడా ప్రమాదమే. పాలు ఎలాగూ లేవని ఊళ్లో ఉన్నవారికి తెలుసు, నిన్న విమానంలో దిగిన గూఢచారికే తెలియదు.

పొగాకు రేషన్ మగవాళ్లకు మాత్రమే ఉండేది. నలుగురూ చూసే చోట తీరికగా సిగరెట్టు కాల్చే స్త్రీ వైపు తలలు తిరుగుతాయి. కాపు కాసే మనిషికి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం కదా.

ఇక మడమలు. తోలు కరవై చెప్పులకు చెక్క అడుగులు వేసేవారు. పారిస్ వీధులు ఆ టకటకలతో మోగేవి. మీ నాయిక రాతి వీధిలో చప్పుడు లేకుండా ద్రోహిని ఎలా వెంబడించింది? ఇది నాకు లోపంగా కాక మీ చేతికి అందిన వరంగా కనిపించింది. ఆమె అడుగుల చప్పుడు వాడికి వినబడుతోంది, వాడికి తెలుసునని ఆమెకూ తెలుసు. నడక వేగం మారిస్తే అనుమానం, మార్చకపోతే వాడు మలుపు తిరిగిపోతాడు. ఈ ఒక్క వీధి మీద నాలుగు పేజీలు రాయండి. సిగరెట్టు తీసేయండి. కథ మళ్లీ పంపితే చదువుతాను.

ప్రశ్న: ఆడవాళ్లు నిజంగా తుపాకులు పట్టారా, ఉత్తరాలు మోయడమేనా? మా చరిత్ర మాస్టారు రెండోదే నిజమంటున్నారు.

జవాబు: ఉత్తరాలు మోయడాన్ని "మోయడమేనా" అన్నందుకు మీ మాస్టారిని మందలించండి. 1943 ఫిబ్రవరి నుంచి ఫ్రెంచి యువకులను నిర్బంధ కూలీలుగా జర్మనీకి పంపే చట్టం వచ్చింది. అప్పటి నుంచి వీధిలో కనిపించిన ప్రతి కుర్రవాడినీ ఆపి కాగితాలు అడిగేవారు. సైకిలు మీద బుట్టతో వెళ్లే అమ్మాయిని అంతగా అడిగేవారు కాదు. అందుకే దళాల ప్రాణం ఆ బుట్టల్లో ఉండేది: సందేశాలు, డబ్బు, దొంగ రేషన్ కార్డులు, ఒక్కోసారి మూడు ముక్కలుగా విప్పిన స్టెన్ గన్.

తుపాకులూ పట్టారు. ఎస్.ఓ.ఇ.కే చెందిన పెర్ల్ విదరింగ్టన్ తన దళనాయకుడు పట్టుబడ్డాక 1944లో తానే పగ్గాలు అందుకుని వెయ్యి మందికి పైగా గెరిల్లాలను నడిపింది. యుద్ధం అయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం పౌరులకిచ్చే పతకం ఇవ్వబోతే, తాను చేసిన పనిలో పౌర వ్యవహారం ఏదీ లేదని తిప్పికొట్టింది.

నెదర్లాండ్స్‌లోని హార్లెం నగరంలో ట్రూస్, ఫ్రెడీ ఓవర్‌స్టేఖెన్ అనే అక్కాచెల్లెళ్లు, హాన్నీ షాఫ్ట్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని కలిసి పనిచేశారు. చేరేనాటికి ఫ్రెడీకి 14 ఏళ్లు. వారు ద్రోహులను సైకిలు మీద నుంచి కాల్చారు, నాజీలను మాటలతో అడవిలోకి రప్పించారు. 1944 జూన్‌లో హాన్నీ సహచరుడు యాన్ బోనేకాంప్ ఒక దాడిలో గాయపడి చనిపోయాడు. హాన్నీ ఎవరో తెలిశాక నాజీలు ఆమె తల్లిదండ్రులను నిర్బంధ శిబిరంలో పెట్టారు. పగకు ఇంతకంటే కారణం ఏం కావాలి? అయినా ఆ ముగ్గురూ ఒక ఆదేశాన్ని కాదన్నారు. నెదర్లాండ్స్‌ను ఏలుతున్న నాజీ పాలకుడు సైస్-ఇన్‌క్వార్ట్ పిల్లలను ఎత్తుకు రమ్మంటే, తేడా వస్తే పసివాళ్లను చంపవలసి వస్తుందని ఒప్పుకోలేదు. పగ నవల రాసేవారికి నేను చూపించేది వారు కాల్చిన వారి పట్టికను కాదు, ఈ నిరాకరణను. ఆ పట్టిక ఎలాగూ దొరకదు. ఎంతమందిని చంపారని అడిగితే అక్కాచెల్లెళ్లిద్దరూ చివరిదాకా చెప్పలేదు. హాన్నీని యుద్ధం ముగియడానికి మూడు వారాల ముందు, 1945 ఏప్రిల్ 17న ఇసుకదిబ్బల్లో కాల్చేశారు. నల్లరంగు వేసుకున్న ఆమె జుట్టు కుదుళ్లలో ఎరుపు బయటపడి ఎవరో తెలిసిపోయింది.

ప్రశ్న: నూర్ ఇనాయత్ ఖాన్ జీవితాన్ని పగ కథగా మలచవచ్చా? టిప్పు సుల్తాన్ వంశస్థురాలు కదా, పౌరుషం బాగా పండుతుంది.

జవాబు: వద్దు. సూఫీ గురువు కూతురు, పిల్లల కోసం జాతక కథలు తిరిగి చెప్పిన మనిషి. 1943 జూన్‌లో ఎస్.ఓ.ఇ. వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఫ్రాన్స్‌లో దిగింది. కొద్ది రోజులకే పారిస్‌లోని ఆమె దళం కుప్పకూలింది. వెనక్కి రమ్మంటే రానంది, అక్టోబరులో పట్టుబడేదాకా లండన్‌కు సందేశాలు పంపుతూనే ఉంది. 1944 సెప్టెంబరు 13న దఖావ్ నిర్బంధ శిబిరంలో చంపేశారు. ఇందులో పగ ఎక్కడుంది? మీకు పౌరుషం కావాలంటే కల్పిత పాత్రను పెట్టుకోండి, ఆమెను వదిలేయండి.

ప్రశ్న: నాయిక బాంబు పెట్టే దృశ్యం రాస్తున్నాను. సాంకేతిక వివరాలు ఎంతవరకు ఇవ్వాలి?

జవాబు: భయం పెంచేంతవరకు. బాంబును ఆలస్యంగా పేల్చడానికి అప్పట్లో వాడిన టైమ్ పెన్సిల్‌లో ఆమ్లంలాంటి ద్రావకం సన్నని తీగను తినేస్తుంది, తీగ తెగితే పేలుతుంది. చలి ఎక్కువైతే ద్రావకం నెమ్మదిస్తుంది. అరగంట అనుకున్నది గంట పట్టవచ్చు. చలికాలపు రాత్రి, పేలవలసిన వేళ దాటిపోయింది, దూరంగా మామూలు జనం నిండిన రైలు వస్తోంది. మీకు ఇంకేం వివరాలు కావాలి?

ప్రశ్న: ప్రేమకథ తప్పనిసరా?

జవాబు: ప్రచురణకర్తకు తప్పనిసరి. నాకు కాదు.

ప్రశ్న: ముగింపు దగ్గర ఆగిపోయాను. నా నాయిక కుటుంబాన్ని నాశనం చేసిన అధికారి ఆమె చేతికి చిక్కుతాడు. చంపితే మామూలు కథ, క్షమించి వదిలేస్తే నీతికథ. ఏం చేయమంటారు?

జవాబు: చేతికి చిక్కకుండా చేయండి. లియోన్ గెస్టపోను నడిపిన క్లౌస్ బార్బీ ఎవరి చేతికీ చిక్కలేదు. యుద్ధం తరువాత అమెరికా గూఢచార విభాగం అతన్ని వాడుకుని బొలీవియాకు దాటించింది. అక్కడ వేరే పేరుతో హాయిగా బతికాడు. 1983లో గానీ ఫ్రాన్స్‌కు రప్పించలేకపోయారు. 1987లో లియోన్‌లోనే విచారణ జరిగింది. సాక్ష్యం చెప్పినవారిలో లీజ్ లెసేవ్ర్ అనే వృద్ధురాలు ఉంది. 1944లో ఆమెను పట్టుకుని రోజుల తరబడి చిత్రహింసలు పెట్టారు. భర్తనూ కొడుకునూ జర్మనీకి పంపేశారు, ఇద్దరూ తిరిగి రాలేదు. ఆమె రావెన్స్‌బ్రూక్ నుంచి బతికి వచ్చి నలభై ఏళ్లకు పైగా ఎదురుచూసింది. తీరా విచారణ మొదలైన కొద్ది రోజులకే నిందితుడు కోర్టుకు రానని తన జైలు గదిలో కూర్చున్నాడు. యావజ్జీవ శిక్ష పడింది, 1991లో జైలులోనే చనిపోయాడు.

మీ నాయికకు కూడా ముసలితనం ఇవ్వండి. అందరి మీదా పగ తీరినట్లు కనిపించిన 1944 వేసవిని ఆమె దాటాలి. ఆ రోజుల్లో జర్మన్లతో తిరిగారన్న నిందతో దాదాపు 20,000 మంది స్త్రీలకు నడివీధిలో గుండు గీశారు. గీసినవారిలో చాలామంది అంతకు ముందు నెల దాకా తలుపులు వేసుకుని కూర్చున్నవారే. మీ నాయిక ఆ గుంపును చూసి ఏం చేసిందో రాయండి. ఆ తరువాత పెన్షన్ కాగితాలు, మనవలు, అప్పుడప్పుడు పత్రికలో వాడి ఫోటో. తాను చంపాలని ప్రాక్టీసు చేసిన మనిషి గురించి 1987లో లాయరు ముందు నిలబడి తేదీలు, గది పొడవు, తాడు ముడి చెప్పవలసి వస్తే ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు వినాలని ఉంది. ఆ రెండు అధ్యాయాలు ముందు రాసి పంపండి. మిగతావి తరువాత చూద్దాం.