డబ్బింగ్ పాట తెలుగు పాట అవుతుందా? మా పాటల గ్రూపులో తెగని తగువు

"పాటల అభిమానులు ఆన్‌లైన్‌లో ఒక్క మాట కోసం, ఒక్క గొంతు కోసం గంటలకొద్దీ వాదించుకుంటారు, దానివల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా, మీ అనుభవం ఏంటి" అని అడిగారు. ఉంది. నా మట్టుకు నాకు పాట చెవిపెట్టి వినడం అలవాటైంది ఆ వాదనల వల్లే. అంతకుముందు పాట ఇంట్లో మోగుతూ ఉండేది, నేను నా పని చేసుకుంటూ ఉండేదాన్ని, అంతే.

మాది చిన్న వాట్సాప్ గ్రూపు. పాత పాటలవాళ్ళూ ఉన్నారు, తొంభైలవాళ్ళూ ఉన్నారు. అందులో విజయవాడ బాబాయ్ గారు ఒకరు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ అంటే ప్రాణం. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగావిడ ఒకరు, అందరం అక్కా అంటాం. తమిళం, తెలుగు రెండూ సమానంగా వచ్చు, రెహమాన్ మీద ఈగ వాలనివ్వదు. డల్లాస్‌లో ఉండే కుర్రాడు ఇంకొకడు. మాకు పొద్దున్నప్పుడు వాడికి రాత్రి కాబట్టి, మేం మొదలుపెట్టిన గొడవ వాడు నిద్ర మానుకుని పూర్తి చేస్తుంటాడు.

ఓసారి అందరం మనకు నచ్చిన తెలుగు పాటలు చెప్పుకుందాం అనుకున్నాం. అక్క 'బొంబాయి' పాటలు పెట్టింది. బాబాయ్ గారు వెంటనే, "అమ్మా, అవి తెలుగు పాటలు కావు. తమిళ పాటకు తెలుగు చొక్కా తొడిగారు, లెక్కలోకి రావు" అన్నారు. అక్కడ అంటుకుంది.

బాబాయ్ గారి మాట తీసిపారేసేది కాదు. మహదేవన్ గారు కవి రాసిన పాటను ముందు పెట్టుకుని, ఆ మాటల నడకను బట్టి బాణీ కట్టేవారని పాటలవాళ్ళందరికీ తెలుసు. 1980లో వచ్చిన 'శంకరాభరణం' వింటే, మాట ఎక్కడ విరగాలో అక్కడే స్వరం విరుగుతుంది. డబ్బింగ్ పాటలో బాణీ ముందే బిగించేసి ఉంటుంది, అదొక్కటే కాదు, తెరమీద నటుడి పెదవులు కూడా బిగించేసి ఉంటాయి. ఇక కవికి మిగిలేదేంటి అన్నది ఆయన వాదన.

దానికి అక్క, "బాబాయ్ గారూ, మీరు నెత్తిన పెట్టుకునే శంకరాభరణం రాసింది వేటూరి గారే, 1995లో బొంబాయి తెలుగు పాటలు రాసిందీ ఆయనే. చెయ్యి అదే కదండీ?" అంది. "చెయ్యి అదేనమ్మా, అక్కడ మాట ముందు, ఇక్కడ పెదవి ముందు" అన్నారాయన. నాకు ఆ జవాబు చాలా నచ్చింది. వాదన మాత్రం అక్క గెలిచిందనే ఇప్పటికీ అంటాను, ఎందుకో చెబుతాను.

అక్క 'బొంబాయి'లో ఒక పాట తీసుకుని, రెండు భాషల పల్లవులూ పక్కపక్కన టైప్ చేసి పెట్టింది. తమిళంలో వైరముత్తు గారి మాట "ఉయిరే ఉయిరే", అంటే ప్రాణమా అని పిలుపు. అదే చోట వేటూరి గారు "ఉరికే చిలకా" అన్నారు. మొదటి మాట చూడండి, ఉయిరేకి ఉరికే: ఉకారంతో మొదలు, ఏకారంతో ముగింపు, మూడక్షరాలకు మూడక్షరాలు. తర్వాత తమిళంలో "వందు" ఉన్నచోట తెలుగులో "వేచి" ఉంది. ఇక్కడే డల్లాస్ కుర్రాడు దిగాడు. పాటను మ్యూట్‌లో పెట్టి పెదవులే చూడమన్నాడు. పెదవులు మూసుకునేది ప, బ, మ అన్నప్పుడు. పై పళ్ళు కింది పెదవికి తగిలేది వ అన్నప్పుడు. ఈ అక్షరాలే తెరమీద కనబడతాయి. క, ట, త, న, ల ఇవన్నీ నోటి లోపల జరిగే వ్యవహారం, ఎవరికీ కనబడవు. కాబట్టి డబ్బింగ్ కవి తప్పించుకోలేనివి ఆ నాలుగే, పైన ఉకారం, ఓకారం లాంటివి వచ్చినప్పుడు గుండ్రంగా తిరిగే పెదవులు. మిగతా చోటంతా కవిదే. అప్పటి నుంచి నేను డబ్బింగ్ సినిమా ఏది చూసినా ముందు వెతికేది ఆ పకారం, మకారం ఎక్కడున్నాయా అనే.

బాబాయ్ గారు ఊరుకుంటారా? ఆయనా మ్యూట్‌లో చూశారు. "కలందువిడు అన్నచోట కడవరకు వేశారు. అయిదక్షరాలూ సరిపోయాయి, మొదటి కకారం, చివరి ఉకారం సరిపోయాయి. కానీ తమిళంలో వ నాలుగో అక్షరం, తెలుగులో మూడోది. జరిగింది చూశారా?" అని పెట్టారు. డెబ్బై దాటిన మనిషి, ఫోన్ మొహానికి ఆనించుకుని అక్షరం ఎక్కడ జరిగిందో లెక్కపెట్టారంటే ఆ శ్రద్ధకి దండం పెట్టాలనిపించింది. ఆయన అంతటితో ఆగలేదు, "అసలు చిలక ఎగురుతుంది గానీ ఉరుకుతుందా?" అని ఇంకొకటి వదిలారు.

ఆ ప్రశ్న మీద రెండు రోజులు నడిచింది. ఆ పాట తీసింది కేరళలోని బేకల్ కోటలో. సముద్రం పక్కన హీరో పాడుతూ ఎదురుచూస్తుంటాడు, హీరోయిన్ ఇల్లు దాటి, మతం దాటి, బురఖాలో పరిగెత్తుకుంటూ రావాలి. కాబట్టి ఇక్కడ చిలక అంటే పక్షి కాదు, ఉరికి వస్తున్న పిల్ల అని నా వాదన. తమిళంలో ఉన్నది "వచ్చి నాలో కలిసిపో" అన్న అభ్యర్థన. తెలుగులో అది "కడదాకా వేచి ఉంటాను" అన్న మాట ఇవ్వడంగా మారింది. అర్థం మారింది, సన్నివేశం మాత్రం ఎక్కడా చెదరలేదు. ఇది అనువాదం కాదు, అదే పెదవుల మీద కొత్త పాట రాయడం. అందుకే తెలుగు పాటల లెక్కలో వీటికి పూర్తి చోటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అదే సినిమాలో "కణ్ణాళనే" అన్నచోట "కన్నానులే" అని పడింది చూడండి, చెవికి దాదాపు ఒకే మోత, అర్థం వేరు, పైగా అచ్చ తెలుగు క్రియ.

'రోజా' (1992) దగ్గర గొడవ ఇంకో దారి పట్టింది. దాని తెలుగు పాటలు రాజశ్రీ గారివి. వేటూరి గారిని తలుచుకునేవాళ్ళలో పదోవంతు కూడా ఆయన్ని తలుచుకోరు, ఆ పాటలు మాత్రం అందరి నోటా ఉన్నాయి. నాకది బాధగానే ఉంటుంది. పాటల యాప్‌లలో సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు పెద్దగా కనబడతాయి, రాసినవాళ్ళ పేరు చాలా పాటలకు వెతుక్కోవాలి. "నా చెలి రోజావే" లో "రోజావే" తమిళ సంబోధన అలాగే మిగిలిపోయిందని బాబాయ్ గారు పట్టుకున్నారు. తమిళంలో అది "ఓ రోజా" అని పిలుపు, నిజమే. అక్క, "తెలుగులో చదవండి బాబాయ్ గారూ, నువ్వు నా చెలి రోజావు, రోజావే అని కదా" అంది. మంచిదానివే, మనిషివే అన్నట్టు. తమిళంలో పిలుపు, అదే ధ్వనితో తెలుగులో చెప్పడం అయింది. గ్రూపులో కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు, తర్వాత బాబాయ్ గారు ఒక నమస్కారం బొమ్మ పెట్టారు. అది అక్కకా రాజశ్రీ గారికా అని మళ్ళీ వాదన.

ఇక గొంతుల విషయానికి వస్తే జట్లు తారుమారైపోయాయి. 'రోజా'లోని "పరువం వానగా" పాటను తమిళంలో ఉన్ని మీనన్ పాడారు, తెలుగులో బాలు గారు, రెండిటిలోనూ ఆమె గొంతు సుజాతదే. అక్కకు ఉన్ని మీనన్ కావాలి. ఆ గొంతులో ఒక చలి ఉంది, మంచుకొండల్లో తీసిన పాటకు అదే సరి అంటుంది. డబ్బింగ్ పాటలు లెక్కలోకి రావన్న బాబాయ్ గారు ఇక్కడ తెలుగు పాట తరఫున కంచుకోటలా నిలబడ్డారు, బాలు గారు పాడారు కాబట్టి. "కురిసేనులే" దగ్గర ఆయన గొంతు ఎలా దించారో వినమని సెకన్లతో సహా పెట్టారు. నేనిక్కడ బాబాయ్ గారి పక్షం, ఇందులో నన్ను మార్చడం ఎవరి తరమూ కాదు.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి గ్రూపులు ఎలా చెడతాయో కూడా చూశాను. ఇళయరాజా గొప్పా రెహమాన్ గొప్పా అని మొదలైన రోజున ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. అవార్డుల లెక్కలు, కాపీ అన్న ఆరోపణలు, చివరికి "మీ తరం, మా తరం" దాకా పోయింది, ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళారు. తర్వాత మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరేం అన్నా ఏ పాట, ఏ నిమిషం, ఏ సెకను అన్నది చెప్పి అనాలి. "ఆయనకు మెలోడీ రాదు" అంటే కుదరదు, "రెండో చరణం ముందొచ్చే వయొలిన్ల దగ్గర నాకు ఊపు తగ్గింది" అనాలి. అప్పుడు అవతలివాళ్ళు తిట్టడం మానేసి ఆ ముక్క విని వస్తారు. విని వచ్చాక కూడా ఒప్పుకోకపోవచ్చు, పర్లేదు. వెళ్ళినవాళ్ళలో ఒకరు తిరిగి వచ్చారు కూడా.

మీ గ్రూపులో తగువులు ఎక్కువై టెన్షన్ అనిపిస్తుంటే ముందు ఇది ప్రయత్నించండి. అందులో రెండు భాషలూ వచ్చినవాళ్ళు ఒక్కరున్నా వదులుకోకండి, డబ్బింగ్ పాటల విషయంలో వాళ్ళు లేకపోతే సగం సంగతులు మనకు తెలియనే తెలియవు.

ప్రస్తుతం మా దగ్గర 'సఖి' నడుస్తోంది. తమిళంలో "పచ్చై నిఱమే", అంటే పచ్చ రంగే అని. వేటూరి గారు "పచ్చందనమే పచ్చదనమే" అన్నారు. రెండో మాట సరే, ఈ పచ్చందనం ఏమిటన్నది తేలలేదు. పచ్చ చందనం అని అక్క, పచ్చని అందం అని కుర్రాడు, బాణీ నింపడానికి పుట్టించిన మాట అని బాబాయ్ గారు. నేను చందనం వైపే ఉన్నాను. మీలో ఎవరికైనా దీని గురించి తెలిస్తే కింద రాయండి, మా గ్రూపులో చదివి వినిపిస్తాను.