మాటు ఎక్కడ వెయ్యాలంటే

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ రైతు తన చేలో అడవి పావురాలు కొట్టడానికి నిన్ను రమ్మన్నాడని విని సంతోషించాను. షాట్‌గన్ సర్టిఫికెట్, అదే తుపాకీ ఉంచుకునే అనుమతి, చేతికొచ్చింది, శనివారమే వెళ్ళాలని ఉంటుంది. ఆ మొదటి రోజు తుపాకీ ఇంట్లో పెట్టి బైనాక్యులర్స్ తీసుకెళ్ళు.

చేను గట్టున రెండు గంటలు ఊరికే చూడు. పావురాలు ఎటుపడితే అటు రావు. చెట్ల వరుసో, పొదల కంచె అంచో పట్టుకుని ఒకే దారిన వస్తాయి. చలికాలంలో నూనెగింజల చేలో లేత ఆకులు పీకుతాయి, వసంతంలో విత్తిన బఠాణీల మీద పడతాయి, కోతల ముందు గాలివానకు పడిపోయిన గోధుమను పాడు చేస్తాయి. మొదటి ఏడాది నేను ఇదేమీ చూడకుండా చేను మధ్య మాటు కట్టి సాయంత్రం దాకా కూర్చున్నాను. పిట్టలన్నీ రెండొందల గజాల అవతల ఓక్ చెట్ల మీదుగా పోయాయి. ఆ రోజు పడ్డ బాధ నీకు వద్దు.

గాలి నీ వీపుకి తగిలేలా కూర్చో. పావురం గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి నీ వైపే వస్తుంది. పిట్టల్ని రప్పించడానికి ఎరగా పెట్టేదాన్ని మన వేటగాళ్ళు దీమపు పిట్ట అనేవారే, అదే ఈ ప్లాస్టిక్ డికాయ్. పది పన్నెండు చాలు. పాతిక గజాల దూరంలో గుర్రపు లాడంలా పెట్టి, తెరిచిన వైపు నీకు అవతలగా ఉంచు. ఒక్కోదానికి మధ్య రెండు అడుగులు వేసేంత ఎడం ఉండాలి. దగ్గరగా గుంపు కడితే బెదిరిన పిట్టల్లా కనిపిస్తాయి.

ముప్పై గజాలు దాటితే కాల్చకు. దెబ్బ తిని ఎగిరిపోయిన పిట్ట ఎక్కడో పడి నరకం చూస్తుంది. మెడ మీద, రెక్కల మీద తెల్లమచ్చ కనిపించాకే గురి పెట్టు. ఆ తెలుపు లేని చిన్న పావురం స్టాక్ డవ్ అనే వేరే జాతి, దాన్ని కాల్చడం నేరం. పావురాలు కొట్టడానికి ఇక్కడి ప్రభుత్వం అందరికీ వర్తించేలా ఇచ్చే జీఎల్42 లైసెన్సు పంట కాపాడడానికే గానీ సరదాకి కాదు. దాని షరతులు ముందే చదువు. కాల్పుల దాకా రాకుండా పిట్టల్ని బెదరగొట్టే పద్ధతులు ఏం వాడారో రైతునీ అడుగు.

ఖాళీ తూటాలన్నీ ఏరుకుని, రైతుకి నాలుగు పిట్టలిచ్చి రా. మిగతావి అత్తయ్యకి తెచ్చివ్వు, మిరియాల వేపుడు చేస్తుంది. తినేటప్పుడు సీసపు గుళ్ళు చూసుకో.

మీ మావయ్య